ట్రేలో కడిగే షీట్ ఫిల్మ్‌పై గీతలు: ఎక్కడ పడతాయి, ఎలా ఆపాలి

ప్రశ్న ఇది: 4×5 అంగుళాల నలుపు-తెలుపు షీట్ ఫిల్మ్‌ను (రోలుగా కాక విడి షీట్లుగా వచ్చే ఫిల్మ్) ఇంట్లోనే ట్రేలో నాలుగైదు కలిపి డెవలప్ చేస్తుంటే ప్రతి విడతలోనూ ఒకటి రెండింటికి గీతలు పడుతున్నాయి, ట్రే మానేసి ట్యాంకు కొనుక్కోవాలా? కొనేముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ట్రే పద్ధతిలో పడే గీతల్లో చాలావరకు ట్రే గీసినవి కావు. ఒక షీటు మూల పక్క షీటు ఎమల్షన్‌ను, అంటే బొమ్మ పడే జెలటిన్ పూతను, తాకడం వల్ల పడినవి. మిగిలినవాటిలో కొన్ని అసలు తడి తగలకముందే, కెమెరాకు తగిలించే ఫిల్మ్ హోల్డర్‌లోనో ఫిల్మ్ పెట్టెలోనో పడి ఉంటాయి. వాటిని ఏ ట్యాంకూ ఆపలేదు.

ఎండిన ఎమల్షన్ ఓ మోస్తరు గట్టిగానే ఉంటుంది. తడి తగలగానే జెలటిన్ నీరు పీల్చి కొన్ని రెట్లు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. అప్పటి నుంచి మళ్లీ పూర్తిగా ఆరేదాకా అది అదే స్థితిలో ఉంటుంది. ఫిక్సర్ (డెవలప్ అయిన బొమ్మను నిలిపే ద్రావణం) అయిపోయింది కాబట్టి గండం గడిచిందనుకోవడం పొరపాటు. ఇక బేస్, అంటే ఎమల్షన్ పూసిన ప్లాస్టిక్ పొర సంగతి. షీట్ ఫిల్మ్‌కు వాడే పాలియెస్టర్ దాదాపు 0.18 మి.మీ. మందం, 120 రోల్ ఫిల్మ్ బేస్ 0.11 మి.మీ. మాత్రమే. ఆ మందం వల్లే షీటు చదునుగా నిలబడుతుంది, ఆ మందం వల్లే దాని మూల వంగకుండా పక్కదాని జెలటిన్‌లోకి దిగిపోతుంది. ఇక్కడ చెప్పేవన్నీ చివరికి ఒక్క పనికే: మెత్తటి ముఖం మీద గట్టి కొస ఏదీ జారకుండా చూడడం.

ముందు గీతను చదవండి

పాడైన నెగటివ్‌లను పారేయకండి. ఒక్కొక్కటీ దీపం ఎదుట నేరుగా పట్టుకుని ఒకసారి, వెలుతురు ఏటవాలుగా పడేలా వంచి ఇంకోసారి, రెండు వైపులా చూడండి. భూతద్దం ఉంటే మరీ మంచిది.

నెగటివ్‌లో గీత గాజులా తెల్లగా ఉండి, ఎమల్షన్ వైపు ఏటవాలు వెలుగులో గాడిలా కనిపిస్తే అక్కడ ఎమల్షన్ లేచిపోయిందన్నమాట. ప్రింటులో అది నల్లగా వస్తుంది. ఇది తడి మీద జరిగినదే. ఒక చివర లోతుగా మొదలై రెండో చివర సన్నబడిపోతే, సాధారణంగా సెంటీమీటరు రెండు సెంటీమీటర్ల పొడవుంటే, అది ఇంకో షీటు మూల చేసిన పని. కొంచెం వంపు తిరిగి, పక్కపక్కన రెండు మూడు ఉంటే గోళ్లు. ఒకదానికొకటి సమాంతరంగా వెంట్రుకల్లాంటి గీతలు గుంపుగా ఉంటే స్పాంజి, స్క్వీజీ (నీరు లాగే రబ్బరు పట్టీ), లేదా నీళ్లలోని ఇసుక నలుసు.

గీత నెగటివ్‌లో నల్లగా ఉండి, ఉపరితలం మాత్రం నునుపుగా ఉంటే కథ వేరు. అది డెవలపర్ తగలకముందు పడిన ఒత్తిడి గుర్తు. పొడి ఎమల్షన్‌ను గట్టిగా రుద్దినా నొక్కినా ఆ చోట సిల్వర్ హాలైడ్ (ఎమల్షన్‌లో వెలుగుకు స్పందించే రసాయనం) వెలుగు తగిలినట్టే డెవలప్ అవుతుంది. ప్రింటులో తెల్ల గీత వస్తుంది. నెలవంక ఆకారపు మచ్చలు కూడా ఈ జాతివే. పొడి షీటును ఒక వేలితో లేపబోయి మడత పడేలా వంచినప్పుడు వస్తాయి.

వెనక వైపు, అంటే బేస్ మీద పడిన గీత నేరుగా చూస్తే దాదాపు కనిపించదు. కటకాలతో వెలుగును నేరుగా పంపే కండెన్సర్ ఎన్‌లార్జర్‌లో మాత్రం సన్నటి తెల్ల గీతగా బయటపడుతుంది. వెలుగును చెదరగొట్టే డిఫ్యూజన్ హెడ్‌లో చాలాసార్లు కనిపించకుండా పోతుంది.

డార్క్ స్లైడ్ (హోల్డర్‌లో ఫిల్మ్‌ను కప్పే జారుడు పలక) కదిలే దిశలో తిన్నగా, ఒక కొస నుంచి ఇంకో కొస దాకా సాగిన గీతలుంటే హోల్డర్‌ను అనుమానించండి. ఏ హోల్డరో తెలియాలంటే ఒక పాత చిట్కా ఉంది. ఫిల్మ్ ఎక్కించే వైపు తెరుచుకునే రెక్క లోపలి అంచు ఫిల్మ్ కొసను కాస్త కప్పుతుంది కదా, ఆ అంచుకు సన్నటి ఆకురాయితో ఒక్కో హోల్డర్‌కు ఒక్కో రకంగా చిన్న గాట్లు పెట్టండి. ఎక్స్‌పోజ్ అయినప్పుడు ఆ గాటు ఆకారం నెగటివ్ అంచు మీద నల్లగా పడుతుంది. గీతలున్న నెగటివ్‌లన్నీ ఒకే గాటు చూపిస్తే దోషి దొరికినట్టే.

ఇంకా సందేహముంటే రెండు షీట్లు ఖర్చు పెట్టండి. ఒకటి పెట్టెలోంచి తీసి నేరుగా, ఇంకొకటి హోల్డర్‌లో ఎక్కించి స్లైడ్ రెండు మూడుసార్లు లాగి మూసి, మళ్లీ దించి, రెంటినీ ఎన్‌లార్జర్ కింద అతి తక్కువ వెలుగుతో సమంగా ఎక్స్‌పోజ్ చేయండి. నెగటివ్ మధ్యస్థమైన బూడిద రంగులో వస్తే చాలు. రెంటినీ వేర్వేరుగా, ఒక్కొక్కటే జాగ్రత్తగా డెవలప్ చేయండి. బూడిద మీద నల్ల గీతైనా తెల్ల గీతైనా దాక్కోలేదు.

పొడి చేతుల దశ

ఇక్కడ ఎక్కువ చెప్పాల్సింది లేదు, కానీ వదిలేస్తే మిగతా శ్రమంతా వృథా. హోల్డర్‌ను స్లైడ్ తీసి బోర్లించి, వెనక తట్టి, మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి. స్లైడ్ దూరే చీలికలో ఉండే మఖమలు పట్టీలోకి ఇసుక నలుసు చేరితే స్లైడ్ దాన్ని ఫిల్మ్ మీదుగా ఈడ్చుకుపోతుంది. స్లైడ్ అంచుల మీద గరుకుగా తగిలితే, రెండు వైపులా సన్నటి ఉప్పుకాగితంతో నునుపు చేసి తుడవండి. ఫిల్మ్ పెట్టెలోంచి తీసేటప్పుడు పై షీటును పక్కకు జరిపి లాగకండి. అంచులు పట్టుకుని నిలువుగా పైకెత్తండి. డెవలప్ చేయడానికి హోల్డర్ నుంచి తీసేటప్పుడు గోటితో గీకి లేపే అలవాటుంటే మానుకోండి. రెక్క తెరిచి, హోల్డర్‌ను కాస్త వాల్చి, వేలి మెత్తటి భాగంతో షీటు కొసను జరిపితే అదే బయటికొస్తుంది.

ఎమల్షన్ ఎటుందో చీకట్లో చెప్పేది ఫిల్మ్ అంచు మీద తయారీలోనే కోసిన గాట్లే, హోల్డర్‌కు మీరు పెట్టినవి కావు. షీటును నిలువుగా పట్టుకున్నప్పుడు గాట్లు పై అంచున కుడి మూలలో ఉంటే ఎమల్షన్ మీ ముఖం వైపు ఉన్నట్టు. కుడి చూపుడు వేలు ఎప్పుడూ ఆ గాట్ల మీద ఉండేలా పట్టుకోవడం నేర్చుకోండి.

ట్రే: ఎంత పెద్దది, ఎంత ద్రావణం, ఎన్ని షీట్లు

4×5 షీట్లకు 5×7 ట్రే సరిపోతుంది. నాకైతే అదే మేలనిపిస్తుంది. 8×10 ట్రేలో షీట్లు ఇష్టమొచ్చినట్టు తిరిగి ఒకదానికొకటి అడ్డంగా పడతాయి, మూలలు బయటికి పొడుచుకొస్తాయి. ఇరుకు ట్రేలో దొంతర దొంతరగానే ఉంటుంది. లోతు కనీసం 2 సెంటీమీటర్లు ఉండాలి. 5×7 ట్రేకు అర లీటరు, 8×10 ట్రేకు ఒక లీటరు పోస్తే ఆ లోతు వస్తుంది. ద్రావణం పలచగా పరిచినట్టుంటే షీట్ల మధ్య నీటి పొర నిలవదు, ఒకదాన్నొకటి రుద్దుకుంటాయి. అడుగు నునుపైన ట్రే తీసుకోండి. పేపర్ ప్రింట్ల కోసం అడుగున గట్లు పోసిన ట్రేలు వస్తాయి, ఫిల్మ్‌ను బోర్లించి కడిగేటప్పుడు అవి వద్దు. ఉన్నది అదే అయితే అడుగున సరిగ్గా పట్టేలా, అంచులు నూరిన గాజు పలక ఒకటి వేసుకోండి.

నాలుగు 4×5 షీట్ల వైశాల్యం 80 చదరపు అంగుళాలు, అంటే ఒక 120 రోల్‌తో లేదా 36 ఫ్రేముల 35 మి.మీ. రోల్‌తో సమానం. డి-76 గానీ ఐడీ-11 గానీ డెవలపర్‌ను 1+1 (ఒక పాలుకు ఒక పాలు నీళ్లు) కలిపితే అర లీటరుకు నాలుగు షీట్లు లెక్క పెట్టుకోండి. ఆరు కడగాలంటే 750 మి.లీ. కలపండి.

డెవలపర్ ఎంపిక కూడా గీతల మీద ప్రభావం చూపుతుంది. సమయం తక్కువైతే చేతులు తొందరపడతాయి. ఉదాహరణకు ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్‌ను ఐఎస్‌ఓ 400 దగ్గర వాడితే, హెచ్‌సీ-110 డెవలపర్ డైల్యూషన్ బీ (దాని పలుచనల్లో ఒకటి) లో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 5 నిమిషాలు. ఐడీ-11 1+1 లో 13 నిమిషాలు. ట్రేలో ఎడతెగకుండా కదుపుతాం కాబట్టి ట్యాంకు సమయంలో 15 శాతం వరకు తగ్గించాలి. మొదటిది నాలుగుంపావుకు పడిపోతుంది, రెండోది 11 నిమిషాల దగ్గర నిలుస్తుంది. ఆరు షీట్లను నిదానంగా తిప్పడానికి రెండోదే తగినది.

ఎన్ని షీట్లు? మొదట్లో ఒక్కటే. ఒక్కటైతే ఎమల్షన్ పైకి పెట్టి, షీటును ముట్టుకోకుండా ట్రేను మాత్రమే ముందుకు, వెనక్కు, పక్కలకు ఊపాలి. గీత పడటానికి అసలు ఆస్కారమే లేదు. సమయం ఎక్కువ పడుతుందన్నది నిజమే, కానీ తిరిగి తీయలేని ఫొటోకు ఇంతకంటే భద్రమైన పద్ధతి ట్రేలో లేదు. నాలుగు షీట్లకు ఒకేసారి స్నానం కావాలంటే ట్రేలో ఇమిడే యాక్రిలిక్ చట్రాలున్నాయి, స్లోషర్ అంటారు. 8×10 ట్రేలో నాలుగు గళ్లు, గడికో షీటు. ఊపేది ట్రేనే. చేతి నేర్పు లేనివారికి మంచి మధ్యేమార్గం. ఒకే తీరున ఊపితే గడి అంచుల దగ్గర డెన్సిటీ ఎక్కువ అవుతుంది, కాబట్టి ఊపే దిశ మారుస్తుండాలి.

దొంతర తిప్పడం

పాడైన షీట్లు నాలుగు తీసుకుని వెలుతురులో, ఉత్త నీళ్లలో, కళ్లు తెరుచుకుని ముందు సాధన చేయండి. తర్వాత కళ్లు మూసుకుని. ఈ సాధన చేయకుండా నేరుగా చీకట్లో మొదలుపెట్టడమే చాలా గీతలకు మూలం.

గోళ్లు పూర్తిగా కత్తిరించి అంచులు అరగదీయండి. ఉంగరం, గడియారం తీసేయండి. చేతికి బిగుతుగా పట్టే నైట్రైల్ గ్లౌజులు వాడవచ్చు, మెటాల్ (చాలా డెవలపర్లలో ఉండే రసాయనం) పడని చర్మం ఉన్నవాళ్లు, పైరో డెవలపర్ వాడేవాళ్లు తప్పకుండా వాడాలి. వదులు గ్లౌజు మాత్రం వేలి కొసన ముడతపడి అదే గీస్తుంది. ఫిల్మ్‌కు చిమటా ఎప్పుడూ వద్దు.

మొదటి ట్రేలో ఉత్త నీళ్లు, డెవలపర్ ఉన్న ఉష్ణోగ్రతలోనే. ఒక్క షీటుకైతే ముందు నానబెట్టాల్సిన పని లేదు. దొంతరకు మాత్రం తప్పనిసరి. పొడి షీట్లు రెండు ఒకేసారి తడిస్తే అతుక్కుపోతాయి, విడదీయబోతే ఎమల్షన్ ఊడివస్తుంది. అందుకే ఒక చేయి చివరిదాకా పొడిగా ఉండాలి. పొడి చేయి దొంతరలోంచి ఒక షీటు తీసి నీళ్ల మీద పెడుతుంది, తడి చేయి దాన్ని ముంచుతుంది. పొడి దొంతర మీద ఒక్క నీటి చుక్క పడినా ఆ చుక్క దగ్గరే రెండు షీట్లు అంటుకుంటాయి, కాబట్టి పొడి షీట్లను ట్రేకు కనీసం రెండడుగుల దూరంలో పెట్టుకోండి. ఒక్కో షీటు వేశాక 10, 15 సెకన్లు ఆగి ఇంకొకటి. పొరపాటున రెండు అతుక్కుంటే లాగకండి. నీళ్లలోనే వదిలేయండి. నీరు మధ్యలోకి పాకాక పక్కకు నెమ్మదిగా జార్చితే వాటంతటవే విడిపోతాయి. అన్నీ వేశాక దొంతరను రెండు మూడుసార్లు తిప్పండి, చేయి అలవాటు పడటానికి ఇదే సమయం. నీళ్లకు రంగు దిగితే కంగారు పడకండి, అది హాలేషన్ (బేస్‌లోంచి వెనక్కి తిరిగొచ్చే వెలుగు) ఆపే పూత కరిగిన రంగు.

ఎమల్షన్ పైకా కిందికా అన్నది ఏళ్లుగా తెగని వాదం. రెండు వైపులా మంచి పనివాళ్లున్నారు. దొంతరకు నేను కిందికే అంటాను, కారణం ఇది. ఎమల్షన్ పైకి ఉంటే, పైనుంచి దిగే ప్రతి షీటు మూల కింది షీటు ఎమల్షన్ మీదే పడుతుంది. మీ వేళ్లు కూడా ఎమల్షన్‌నే నొక్కుతాయి. కిందికి ఉంటే దిగే షీటు మూల తగిలేది బేస్‌కు, వేళ్లు నొక్కేది బేస్‌ను. ఇందులో ఉన్న ఒకే ప్రమాదం అట్టడుగు షీటు ఎమల్షన్ ట్రే అడుగుకు రాసుకోవడం. నునుపైన అడుగు, తగినంత లోతు, అడుగు షీటును ఈడ్వకుండా తీయడం, ఈ మూడూ ఉంటే ఆ ప్రమాదం చిన్నదే.

తీయడం ఇలా. ఎడమచేతి వేళ్లతో దొంతర దగ్గరి అంచును ఒక వేలి మందం పైకి లేపండి. కుడిచేత్తో అట్టడుగు షీటును దాని పొడవు అంచుల దగ్గర పట్టుకుని, వంచకుండా, తిన్నగా మీ వైపు లాగండి. షీటు దొంతర నుంచి పూర్తిగా బయటపడేదాకా పైకెత్తకండి. సగంలో ఎత్తితే దాని వెనక మూలలు పైనున్న షీటు ఎమల్షన్‌ను దున్నేస్తాయి. బయటికొచ్చాక దొంతరను వదిలేసి, షీటును రెండు చేతులతో ఎదురెదురు పొట్టి అంచుల దగ్గర పట్టుకుని, మధ్యభాగం కిందికి కొద్దిగా బొద్దుగా వంగనిచ్చి, ఆ మధ్యభాగం ముందు ద్రావణాన్ని తాకేలా దించండి. అంచులు చివర్లో దిగుతాయి, మూలలు అన్నిటికంటే చివర్లో. తర్వాత వేళ్ల మెత్తటి భాగంతో మధ్యలో మెల్లగా అదిమి ముంచండి. వేళ్లు నిలువుగా కాదు, పరిచినట్టు ఉండాలి.

లయ: షీటుకు 5 సెకన్లు. ఆరు షీట్లు అర నిమిషంలో ఒక చుట్టు తిరుగుతాయి. నాలుగుంటే ప్రతి చుట్టు తర్వాత ఒక్క క్షణం ఊపిరి తీసుకోవచ్చు. వరుస తెలియడానికి మొదటి షీటును మిగతావాటికి తలకిందులుగా, అంటే గాట్లు ఎదుటి కొసకు వచ్చేలా వేయండి. చేతికి గాట్లు అటు తగిలితే చుట్టు మొదలైనట్టు. డెవలపర్‌లోకి 5 సెకన్లకొకటి చొప్పున వేశారంటే, అదే వరుసలో అదే వ్యవధితో స్టాప్ బాత్‌లోకి (డెవలప్‌మెంట్ ఆపే ద్రావణం) తీయండి. అన్నిటికీ సమయం సమానంగా వస్తుంది. మొదటి చుట్టు కాస్త వేగంగా తిప్పండి, తొలి అర నిమిషంలో ఏ షీటైనా అడుగున కదలకుండా ఉండిపోతే మచ్చలు పడతాయి.

ఎన్నిసార్లు చేసినా గుర్తుంచుకోవాల్సింది, దొంతర చెదిరినప్పుడు ఆపేయడం. షీట్లు అడ్డదిడ్డంగా పడ్డాయని చేతికి తెలిస్తే తిప్పడం మానేసి, ముందు నాలుగు వైపులా అరచేతులతో అంచులు తట్టి దొంతర సరిచేయండి. పది సెకన్లు కదపకపోతే నెగటివ్‌కు ఏమీ కాదు. చెదిరిన దొంతరలోంచి లాగితే గీత ఖాయం.

ఆరుకు మించి వద్దు. పది పన్నెండు తిప్పేవాళ్లు ఉన్నారు, కానీ షీట్లు పెరిగేకొద్దీ అడుగుదాని మీద బరువు పెరుగుతుంది, చేతికిచ్చే సమయం తగ్గుతుంది.

వేడి, జెలటిన్

ఉష్ణోగ్రత 20 డిగ్రీల దగ్గర ఉంటే ఆధునిక ఫిల్ములు చక్కగా తట్టుకుంటాయి. 24 దాటితే జెలటిన్ ఇంకా ఉబ్బి ఇంకా మెత్తబడుతుంది, నిన్న ఏమీ కాని స్పర్శ ఈరోజు గీతవుతుంది. ట్రేను అంతకంటే పెద్ద ట్రేలో పెట్టి, చుట్టూ చల్లటి నీళ్లు పోసి, ఐసు ప్యాకెట్లతో సర్దుకోవడం అన్నిటికంటే సులువు. డెవలపర్ నుంచి చివరి కడుగు దాకా అన్ని ద్రావణాలూ ఒకటి రెండు డిగ్రీల తేడాలోపే ఉండాలి. డెవలపర్‌ను చల్లబరిచి, కడుగు మాత్రం వెచ్చటి కొళాయి నీళ్లతో చేయడం చాలామంది చేసే పొరపాటు. గీతలతో పాటు జెలటిన్ ముడతపడే ముప్పూ ఉంది.

చల్లబరచడం కుదరని చోట డెవలపర్‌లో సోడియం సల్ఫేట్ కలిపే పద్ధతి ఉంది. అది జెలటిన్ ఉబ్బును అదుపు చేస్తుంది. కొడాక్ వారి ఉష్ణప్రాంతపు డెవలపర్ డీకే-15 ఫార్ములాలో లీటరుకు 45 గ్రాముల పొడి సోడియం సల్ఫేట్ ఉంటుంది. ఇది సోడియం సల్ఫైట్ కాదు, సీసా మీద పేరు రెండుసార్లు చదవండి. కలిపితే డెవలప్‌మెంట్ నెమ్మదిస్తుంది, సమయం పరీక్షించి పెంచుకోవాలి.

గట్టిపరిచే ఫిక్సర్ గురించి ఒక అపోహ తీర్చాలి. పటిక కలిసిన హార్డెనింగ్ ఫిక్సర్ జెలటిన్‌ను గట్టిపరుస్తుందన్నది నిజం, కానీ అది డెవలపర్ తర్వాత వస్తుంది. దొంతర తిప్పేటప్పుడు పడే గీతలకు అది ఏ సాయమూ చేయదు. మీ గీతలు కడుగులోనో ఆరబెట్టేటప్పుడో పడుతున్నాయని తేలితే అది పనికొస్తుంది. బదులుగా కడుగు సమయం బాగా పెరుగుతుంది. ఆల్కలైన్ ఫిక్సర్‌లో పటిక పనిచేయదు.

డెవలపర్‌కూ ఫిక్సర్‌కూ మధ్యలోనే గట్టిపరచాలంటే క్రోమ్ ఆలమ్ స్నానం ఉంది. లీటరు నీళ్లకు పొటాషియం క్రోమ్ ఆలమ్ 30 గ్రాములు, పొడి సోడియం సల్ఫేట్ 60 గ్రాములు. వేసిన వెంటనే అర నిమిషం పైగా బాగా కదిపి, మొత్తం మూడు నిమిషాలు ఉంచాలి. తాజాగా ఉన్నప్పుడు ఊదా-నీలంగా ఉంటుంది, పసుపు-ఆకుపచ్చకు తిరిగితే పారేయాలి. నిజంగా వేడి ఎక్కువైన రోజులకే ఇది, మామూలుగా అవసరం లేదు.

దీపం వేశాక

దీపం వెలిగించాక పడే గీతలు తక్కువేమీ కావు. ఎలా వచ్చిందో చూడాలన్న ఆత్రంతో ఫిక్సర్‌లోంచి ఒక మూల పట్టి లేపుతాం, మిగతా షీట్ల మీదుగా ఈడుస్తాం. రాపిడ్ ఫిక్సర్ 1+4 లో మూడు నుంచి ఐదు నిమిషాలు, అదే దొంతర క్రమశిక్షణతో తిప్పండి. టీ-మ్యాక్స్, డెల్టా జాతి ఫిల్ములకు ఎక్కువ సమయం పక్షాన ఉండండి. చూడాలనిపిస్తే పూర్తిగా బయటికి తీసి, రెండు అంచులు పట్టుకుని చూసి, మళ్లీ మధ్యభాగం ముందు దిగేలా వేయండి.

కడుగులో షీట్లు ఒకదాని మీద ఒకటి వద్దు. పెద్ద ట్రేలో ఎమల్షన్ పైకి పెట్టి విడివిడిగా, లేదా గళ్లున్న నిలువు వాషర్‌లో. కొళాయి ధారను షీట్ల మీదికి వదలకండి. ధార తోసినప్పుడు అవి తేలి, తిరిగి, మూలలతో ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. గట్టిపరచని ఫిక్సర్ తర్వాత పారే నీళ్లలో పది నిమిషాలు చాలు, లేకపోతే నీళ్లు పారబోసి కొత్తవి పోస్తూ ఎనిమిది పది సార్లు మార్చండి. కొళాయి నీళ్లలో నలుసులుంటే 5 మైక్రాన్ల సెడిమెంట్ ఫిల్టర్ పెట్టడం ఒక్కటే సరైన మందు.

చివరగా డిస్టిల్డ్ వాటర్‌లో వెటింగ్ ఏజెంట్ (నీరు చుక్కలుగా నిలవకుండా జారేలా చేసే ద్రవం), లీటరుకు 5 మి.లీ., నిమిషం లోపు. ఎక్కువ పోస్తే చారలు మిగులుతాయి. తీసి ఒక మూలకు క్లిప్పు తగిలించి, ఎదుటి మూల కిందికి వచ్చేలా వేలాడదీయండి. నీరంతా ఆ ఒక్క కొసకు చేరి కారిపోతుంది. స్క్వీజీ, స్పాంజి, రెండు వేళ్ల మధ్య జార్చడం, ఏదీ వద్దు. ఎంత మెత్తటి స్పాంజి అయినా దానిలో ఒక్క నలుసు ఉంటే షీటంతా గీతే. బేస్ వైపు చుక్కలు ఎండి మరక పడితే ఆరాక తుడుచుకోవచ్చు. షీట్ల మధ్య చేతి వెడల్పు ఖాళీ ఉంచండి. గాలికి ఊగి ఎమల్షన్‌లు తగిలితే అంటుకుపోతాయి.

ట్యాంకులు గీతలు ఆపుతాయా

చాలావరకు ఆపుతాయి, కానీ ఒక్కోదానిదీ ఒక్కో బలహీనత. స్టియర్‌మన్ ప్రెస్ వారి ఎస్‌పీ-445 లో నాలుగు 4×5 షీట్లు, 475 మి.లీ. ద్రావణం పడతాయి. ఒక్కో పలకకు రెండు వైపులా షీట్లుంటాయి. ఎమల్షన్‌కు ఏదీ తగలదు. తీసేటప్పుడు మాత్రం తడి షీటు వెనక పలకకు అంటుకుంటుంది, నీళ్లలో ముంచి అంచు నుంచి వదులు చేస్తూ తీయాలి. పలక ఆనుకున్న చోట వెనక పూత రంగు మిగిలితే బయట విడిగా ఇంకోసారి కడగండి.

పాటర్సన్ మూడు రీళ్ల ట్యాంకులో ఇమిడే మాడ్54 కు ఆరు షీట్లు, ఒక లీటరు. గట్టిగా తిరగేసినా, పుల్లతో గిర్రున తిప్పినా షీటు గాడిలోంచి జారి పక్కదానికి తగులుతుంది. నెమ్మదిగా తిరగేయడమే దీని రహస్యం. జోబో 2509 రీలులోనూ ఆరు పడతాయి. ఎక్కించేటప్పుడు ఒకే గాడిలో రెండు షీట్లు దూరడం దీనిలో తరచూ జరిగేది, వెలుతురులో పాత షీట్లతో బాగా సాధన చేయాలి. జోబో ఎక్స్‌పర్ట్ డ్రమ్ములు, ముఖ్యంగా 8×10 కి, గీతల విషయంలో నాకు తెలిసిన వాటన్నిటికంటే భద్రం. షీటు గొట్టం గోడను ఆనుకుని కదలకుండా ఉంటుంది. తీసేటప్పుడు గొట్టం నింపి, నీరు షీటు వెనక్కు చేరాక జార్చండి. పొడిగా లాగితే గోడకు పట్టేస్తుంది. రబ్బరు బ్యాండుతో షీటును ఎమల్షన్ లోపలికి చుట్టి మామూలు ట్యాంకులో నిలబెట్టే పద్ధతి కూడా పనిచేస్తుంది, ఖర్చు లేదు, కాకపోతే చుట్లు ఒకదానిలోకి ఒకటి దూరకుండా ట్యాంకు నిండా సర్దాలి.

స్టీలు హ్యాంగర్లు, లోతైన ట్యాంకులు పాత స్టూడియో పద్ధతి. అక్కడ గీత పడేది హ్యాంగర్‌ను ఏటవాలుగా దించినప్పుడు, దాని మూల పక్క షీటుకు తగిలి. అన్ని హ్యాంగర్లనూ ఒక గుత్తిగా పట్టుకుని నిలువుగా ఎత్తి, నిలువుగా దించాలి.

మీరు నెలకు పది పన్నెండు షీట్లు కడిగేవారైతే నాలుగు షీట్ల ట్యాంకు కొనుక్కోవడం మంచిదే. 8×10 కి మారే ఆలోచన ఉంటే, లేదా షీటుకో సమయం ఇచ్చి కాంట్రాస్ట్ మార్చాలనుకుంటే ట్రే నేర్చుకోవడం ఎప్పటికీ వృథా కాదు.

ఎక్స్‌రే ఫిల్మ్ విడిగా

చవక అని ఎక్స్‌రే ఫిల్మ్ వాడేవాళ్లకు పైవన్నీ సరిపోవు. చాలా రకాలకు రెండు వైపులా ఎమల్షన్ ఉంటుంది. మామూలు ఫిల్మ్‌తో పోలిస్తే తడిసినప్పుడు చాలా తేలిగ్గా గీసుకుపోతుంది. కింది ముఖం కూడా ఎమల్షనే కాబట్టి బోర్లించే ఉపాయం ఇక్కడ చెల్లదు. ఒక్కసారి ఒక్క షీటే, ట్రే అడుగున గాజు పలక, కదపడం ట్రేను ఊపడమే. గాలి చొరని జిప్ సంచిలో షీటును, కొంచెం డెవలపర్‌ను వేసి, సంచిని చదునుగా పెట్టి పైనుంచి మెల్లగా అదిమే పద్ధతి కూడా బాగానే ఉంటుంది. ఆకుపచ్చకు, నీలానికి మాత్రమే స్పందించే రకాలను తగిన ఎర్ర దీపం కింద కడగవచ్చు, చూస్తూ చేయడం వల్ల సగం కష్టం తగ్గుతుంది. డ్రమ్ములో గోడకు ఆనుకున్న ముఖానికి డెవలపర్ సరిగ్గా అందక చారలు వస్తాయి, అందుకే ఎక్స్‌రేకు డ్రమ్ము నేను సూచించను.

పడిపోయిన గీతలకు

బేస్ మీది గీతలకు మందు ఉంది. స్కాన్ చేస్తే ఫ్లూయిడ్ మౌంటింగ్ (నెగటివ్‌ను ద్రవంతో గాజుకు అంటించడం) చేయండి, ద్రవం గీతను నింపేస్తుంది, కనిపించదు. ప్రింటు చేస్తే డిఫ్యూజన్ హెడ్. ఎమల్షన్ లేచిపోయిన చోట పోయిన వివరం తిరిగి రాదు. ఆ గీత ప్రింటులో నల్లగా వస్తుంది, నల్లటిదాన్ని ప్రింటు మీద సరిదిద్దడం కష్టం. కాబట్టి నెగటివ్ మీదే, సున్నా సైజు కుంచెతో స్పాటింగ్ డైని (మచ్చలు పూడ్చే రంగు) పలచగా రెండు మూడు పూతలుగా గీత మీద వేసి, చుట్టుపక్కల కంటే కొంచెం ముదురు చేయండి. అప్పుడది ప్రింటులో తెల్ల గీతగా వస్తుంది, దాన్ని ప్రింటు మీద మామూలు స్పాటింగ్‌తో నింపుకోవచ్చు. పూత వేసేముందు పనికిరాని నెగటివ్ మీద డై చిక్కదనం చూసుకోండి, ఒకసారి ముదిరితే తగ్గించడానికి మళ్లీ షీటంతా నానబెట్టాల్సి వస్తుంది.